ఖాళీ సంచి బరువు

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఇదంతా ఎవరో పిరికిపిల్ల రాసిందనుకుంటారు.

మాది ఏలూరు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, నాన్న పోస్టాఫీసులో పనిచేస్తారు. ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన ఉంటుంది గానీ దయ్యాల కబుర్లు నడవవు. చిన్నప్పుడు మా వీధి చివర పాడుబడ్డ బంగళాలో ఏదో తిరుగుతుందని పిల్లలంతా అక్కడ పరుగు లంకించుకునేవాళ్లు. నేను కావాలని సరిగ్గా ఆ గేటు ముందే ఆగి చెప్పు సరిచేసుకునేదాన్ని. మా అమ్మమ్మ నన్ను మొండిఘటం అనేది.

తర్వాత చదివిన చదువు ఆ మొండితనాన్ని ఇంకా పెంచింది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ చదివాను. ఒక్క సాఫ్ట్‌వేరే కాదు, చిప్పు, బోర్డు, సెన్సారు, వాటి మీద నడిచే ప్రోగ్రామ్, అన్నీ కలిపి నేర్పే కోర్సు అది. నాలుగేళ్లూ మాకు నూరిపోసింది ఒకటే. మెషీను ఊరికే ఏదీ చెప్పదు. తప్పు చెప్పినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నేనది మనస్ఫూర్తిగా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అందుకే ఈ విషయం నన్ను ఇంతలా తొలిచేస్తోంది.

రత్న నా హాస్టల్ రూమ్మేటు. గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్తే వచ్చే ఒక లంక గ్రామం వాళ్లది. అక్కడ రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. వాళ్ల నాన్న ఏడుకొండలు గారు ఒక పెద్ద చెరువు చూసుకునేవారు. చెరువు వేరే ఆయనది, కష్టం ఈయనది. వాళ్లమ్మ నాగమణి గారు చేపలు పట్టే రోజుల్లో పనికి వెళ్లేవారు. రత్న ఒక్కతే కూతురు. సెలవులకి వాళ్లింటికి వెళ్లీ వెళ్లీ నాకు ఆయన బాబాయి గారు, ఆవిడ పిన్ని అయిపోయారు.

ఫైనలియర్ ప్రాజెక్టు వచ్చేసరికి క్లాసులో సగం మంది ముఖం చూసి హాజరు వేసే కెమెరా అన్నారు, మిగతా సగం వాళ్లని చూసి అదే అన్నారు. రత్న మాత్రం "మా చెరువు చేద్దామే" అంది.

అక్కడ చేపలకి మేత చల్లరు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చెరువులో వరసగా పాతిన వెదురు గుంజలకి కడతారు. సంచి కింది భాగం నీళ్లలో మునిగి ఉంటుంది. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. రోజూ పొద్దున్నే ఒక మనిషి దోనె మీద గుంజ గుంజకీ వెళ్లి ఖాళీ అయిన సంచి విప్పి నిండుది కట్టాలి. సంచి ఎంత తొందరగా తేలికైతే చేపలు అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. సంచి బరువు తగ్గలేదంటే చెరువులో ఏదో తేడా ఉన్నట్టు.

మేం చేసింది ఇంతే. ఒక గుంజకీ, దాని సంచి తాడుకీ మధ్య బరువు తూచే సెన్సారు బిగించాం. దాన్ని ఒక చిన్న బోర్డుకి కలిపాం. బోర్డుకి చారెడంత సోలార్ పలక, సెల్‌ఫోన్ బ్యాటరీ లాంటి బ్యాటరీ. తడి చేత్తో పట్టుకున్నా చురుక్కుమనదు, అంత తక్కువ కరెంటు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం అవుతుంది. బోర్డు తడవకుండా పెట్టడానికి పెట్టె కావాలంటే పిన్ని ఆవకాయ డబ్బా ఖాళీ చేసి, ఎండబెట్టి మరీ ఇచ్చారు. ఎంత కడిగినా ఆ డబ్బా మూత తీస్తే ఆవ వాసన వచ్చేది.

గుంజని ఎంచుకున్నది మేమిద్దరం. మోటారు షెడ్డులో బ్యాటరీ మీద నడిచే రౌటరుకి సిగ్నల్ అందాలి కాబట్టి గట్టుకి దగ్గరగా, ఏరియేటర్ పక్కనున్న గుంజ తీసుకున్నాం. ఏరియేటర్ అంటే నీళ్లని చిలికి చేపలకి గాలి అందించే కరెంటు యంత్రం.

మొదటి వారమే ఒక చిక్కు వచ్చింది. బరువు గ్రాఫులో రోజూ పొద్దున రెండు ముళ్లు లేచేవి. ఎవరో సంచిని కిందకి గట్టిగా లాగినట్టు ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. ఇంకొంతసేపటికి బరువు ఒక్కసారిగా పడిపోయి మళ్లీ మామూలయ్యేది. మేం బోర్డు విప్పి చూశాం, ప్రోగ్రామ్ చూశాం, ఏమీ దొరకలేదు. రత్న ఇంటికి ఫోన్ చేస్తే బాబాయి గారు ఒకటే నవ్వు.

"అది నేనేనమ్మా. ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూస్తాను కదా. వెళ్లేటప్పుడు అడుగు నుంచి ఒకసారి ఎత్తి వదుల్తాను, మేత చిల్లుల దగ్గరికి దిగుద్దని."

ఆయన చేతి అలవాటు అది. అన్ని గుంజల దగ్గరా అలాగే చేసేవారట, తనే ఎప్పుడూ గమనించలేదట.

చేపలు తినడానికీ ఆయన చెయ్యికీ తేడా తెలియాలి కాబట్టి ఆ గుర్తులు పట్టే ప్రోగ్రామ్ రాశాం. రెండుసార్లు లాగితే ఒక మెసేజ్, ఒకసారి ఎత్తితే ఇంకో మెసేజ్, మా ఇద్దరి ఫోన్లకీ వస్తాయి. మెసేజ్ మాటలు రత్న రాసింది. మొదటిది "నాన్న వచ్చారు". రెండోది "నాన్న వెళ్లారు". రిపోర్టులో ఇదేం పెడతామే, సార్ నవ్విపోతారని నేను పోరుపెట్టాను. వినలేదు.

తర్వాత తర్వాత అది వాళ్లిద్దరికీ ఒక ముచ్చట అయిపోయింది. రోజూ ఏడు దాటాక, మేం హాస్టల్లో జడలు వేసుకునే టైముకి, రెండు ఫోన్లూ ఒకేసారి టింగుమనేవి. బాబాయి గారు గట్టెక్కాక ఫోన్ చేసి "ఏమ్మా, నా హాజరు పడిందా?" అని అడిగేవారు. పడకపోతే మళ్లీ వెళ్లి లాగేవారట. అంతకుముందు ఆయన పని అవతలి వరస నుంచి మొదలుపెట్టేవారు. కూతురు క్లాసుకి వెళ్లకముందే కబురు అందాలని, మా గుంజతోనే మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు.

ఆ రోజు కూడా "నాన్న వచ్చారు" అని వచ్చింది. రత్న చూసి నవ్వుకుంది. రెండో మెసేజ్ రాలేదు. సెన్సారు మిస్సయి ఉంటుందని నేనే అన్నాను. క్లాసుకి వెళ్లిపోయాం. రెండో పీరియడ్‌లో రత్న చిన్నాన్న ఫోన్ చేశారు. ఆయన మాట నాకు వినపడలేదు. రత్న ముఖం చూశాను, చాలు.

ఏరియేటర్ కేబుల్ ఎక్కడో పొర చిట్లి నీళ్లలో పడి ఉంది. పొద్దున కరెంటు లేదు. బాబాయి గారు సంచి తాడు సరిచేయడానికి దోనె దిగి నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. అప్పుడే కరెంటు వచ్చింది. వచ్చిన లైన్‌మ్యాను కేబుల్ చూపించి అందరికీ చెప్పాడు, ఇదిగో ఇక్కడ చిట్లింది అని. ఆయన్ని తీసేటప్పుడు చేతిలో మా గుంజ తాడు ఉందట.

నేను గూడెం నుంచి రత్నతోనే వెళ్లాను. వాకిట్లో జనం. పిన్ని కూతుర్ని చూడగానే లేచి వచ్చారు. పట్టుకుని ఏడుస్తారనుకున్నాను. అందరి ముందూ ఒకటే మాట అన్నారు.

"నీ చదువే మీ నాన్నని పొట్టన పెట్టుకుందే."

ఊళ్లో అప్పటికే ఆ మాట పాకింది. నీళ్లలో వైర్లున్న పెట్టె పెట్టారు, అదే కరెంటు పట్టేసిందని. నేను ఒకళ్లిద్దరికి చెప్పబోయాను, అది బ్యాటరీ, దానివల్ల ఈగ కూడా చావదని. చావింట్లో ఆ మాట ఎవరికి కావాలి? పైగా పిన్ని మాటలో ఒక ముల్లుంది, దాన్ని నేను కూడా తీయలేను. ఆయన మునుపటిలా అవతలి వరస నుంచి మొదలుపెట్టి ఉంటే, కరెంటు వచ్చిన టైముకి ఏరియేటర్‌కి చాలా దూరంలో ఉండేవారు. కూతురికి కబురు అందాలని ఆ గుంజ దగ్గరికి ముందు వెళ్లారు. రత్నకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. తనే లెక్క కట్టుకుంది.

పదో రోజు నేను మళ్లీ వెళ్లాను. కాలువ గట్టు మీద పిండం పెట్టారు. మా ఇళ్లలో ఆ ఆచారం లేదు, నేను దూరంగా నిలబడి చూశాను. కాకులు వచ్చి తీగ మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినాయనకి ఏదో కోరిక మిగిలిపోయినట్టట. ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. రత్న చిన్నాన్న శ్రీను గారు "ఇల్లు నేను చూసుకుంటాను అన్నయ్యా" అన్నారు. ఇంకెవరో పెళ్లి చేస్తామన్నారు. కాకులు కదల్లేదు. బాబాయి గారి అక్కగారు పిన్ని భుజం తట్టి, "నువ్వూ ఒక మాట చెప్పవే నాగమణీ" అన్నారు. పిన్ని నేలకేసి చూస్తూ నోరు విప్పలేదు. ఎండ ఎక్కాక పిండం నీళ్లలో కలిపేసి ఇంటికి వచ్చేశారు.

రత్న తిరిగి హాస్టల్‌కి వచ్చింది. వచ్చిందే గానీ మనిషి ఇక్కడ లేదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే చిన్నాన్నే చేసేవారు. వాళ్లమ్మ ఫోన్ తీసేవారు కాదు, తీసినా మాట్లాడేవారు కాదు. రత్న చదువు మానేస్తానంది. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను కూడా. గోడకి చెప్పినట్టే.

అలా ఉండగా ఒక పొద్దున, ఏడు దాటాక, రెండు ఫోన్లూ టింగుమన్నాయి.

"నాన్న వచ్చారు."

నాకు మొదట వచ్చింది కోపం. ఆ దిక్కుమాలిన పెట్టెని ఎవరూ తీయలేదన్నమాట, గాలికి తాడు ఊగి ఉంటుంది, ఈ పిల్ల గుండె ఇంకాస్త పగిలిందని. రత్న ఫోను వంక చూస్తూ మంచం మీద కూర్చుండిపోయింది. చిన్నాన్నకి నేనే ఫోన్ చేశాను. ఇప్పుడు ఆ చెరువు పని ఆయనే చూస్తున్నారు.

"ఆ గుంజ జోలికి ఎవరం వెళ్లట్లేదమ్మా. ఖాళీ సంచి అలాగే వేలాడతంది. మేత కూడా కట్టట్లేదు."

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. రోజూ అదే టైము. "వచ్చారు" మాత్రమే. "వెళ్లారు" ఒక్కనాడూ రాలేదు.

నేను చేయాల్సిందంతా చేశాను. చదివిన చదువుకి ఆ మాత్రం చేయకపోతే ఎందుకు? సర్వరు పాత మెసేజ్‌లనే తిప్పి తిప్పి పంపిస్తోందా అని చూశాను. కాదు, ఏ రోజు అంకెలు ఆ రోజువే, ఏ రెండు రోజులూ అచ్చంగా ఒకేలా లేవు. తడి దిగి సెన్సారు పాడైందేమోనని కొత్త సెన్సారు, కొత్త బోర్డు తీసుకెళ్లి శ్రీను గారితో మార్పించాను. మర్నాడు పొద్దున కొత్త బోర్డు నుంచి అదే మెసేజ్. నీటికాకి వచ్చి సంచి మీద వాలుతుందనుకుందామంటే, పక్షి వాలితే పెరిగిన బరువు అది లేచేదాకా అలాగే ఉంటుంది. ఇది గట్టిగా ఒక పట్టు, వదలడం, మళ్లీ పట్టు. ఏ పక్షికీ అంత బరువుండదు. చేపలు పొడుస్తున్నాయనుకుందామంటే సంచిలో తినడానికి ఏమీ లేదు, పైగా చేప పొడిస్తే సంచి పైకి లేస్తుంది, కిందకి దిగదు.

మా గైడ్ సార్‌కి గ్రాఫ్ చూపించాం. కళ్లద్దాలు పైకి తోసి చూసి, "సెన్సార్ డ్రిఫ్ట్ అమ్మా ఇది. నాయిస్, అంటే చెత్త అంకెలు. ఫిల్టర్ చేసేసి రిపోర్టు పెట్టేయండి" అన్నారు.

"ఆయన్ని నాయిస్ అంటారేంటండీ" అంది రత్న.

సార్‌కి ఏమీ అర్థం కాలేదు. బయటికొచ్చాక నేను చెప్పాను, ఆయనకి తెలియదు కదే అని. రత్న నావైపు కూడా చూడలేదు.

ఒక సెలవు రోజు ముందు సాయంత్రం నేను ఒక్కదాన్నే బయల్దేరి వాళ్ల ఊరు వెళ్లాను. రత్న అప్పటికి వారం నుంచి ఇంటి దగ్గరే ఉంది. నేను వెళ్లింది ఆ మెసేజ్ సంగతి కళ్లతో చూసి తేల్చేద్దామని. నిజం చెప్పాలంటే, ఏదో కుర్రవెధవ ఆకతాయితనం బయటపడుతుందనీ, వాడి చెవి మెలిపెట్టి రత్న ముందు నిలబెడదామనీ అనుకున్నాను.

పొద్దున శ్రీను గారితో గట్టు మీదికి వెళ్లాను. బాగా తెల్లారింది. ఎండ ఇంకా పదునెక్కలేదు. ఏరియేటర్ ఆపి ఉంది, దాని కేబుల్ అంతా కొత్తది వేశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అవతలి గట్టున కొంగలు నిలబడి ఉన్నాయి. మా గుంజ నాకు పది పన్నెండు గజాల దూరం. ఖాళీ సంచి తాడుకి ముడతలు పడి వేలాడుతోంది. దగ్గర్లో దోనె లేదు, మనిషి లేడు. ఫోన్ వీడియో పెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాను.

తాడు బిగిసింది.

గాలికి ఊగడం వేరు. వదులుగా ఉన్న తాడు ఒక్కసారిగా తిన్నగా సాగింది, సంచి ముడతలు విప్పుకుని కిందకి దిగింది, గుంజ మా వైపు కాస్త వంగింది. వదిలింది. మళ్లీ బిగిసింది. గుంజ చుట్టూ నీళ్లలో రింగులు లేచి మా గట్టు దాకా వచ్చాయి. పక్క గుంజల సంచులు ఒక్కటీ కదల్లేదు. నా చేతిలో ఫోన్ టింగుమంది.

భయం వేసింది. దాచుకోవడం ఎందుకు. శ్రీను గారు తలపాగా తీసి చేత్తో పట్టుకుని "అన్నయ్యా" అన్నారు, అంతే. ఆయన ఏడుస్తున్నారని కాసేపటికి గానీ తెలియలేదు.

అప్పుడు ఏరియేటర్ అవతల నుంచి నీళ్ల చప్పుడైంది. చూస్తే రత్న. నేను నిద్ర లేచేసరికే మంచం ఖాళీగా ఉంటే పెరట్లోకి వెళ్లిందనుకున్నాను. ఒంటి మీద బట్టలతోనే మెడ లోతు నీళ్లలో నడుస్తూ ఆ గుంజ వైపు వస్తోంది. వచ్చి తాడు పట్టుకుని నిలబడింది. పెదాలు నీలంగా ఉన్నాయి. శ్రీను గారు దిగి బయటికి లాక్కొచ్చారు. రోజూ వస్తోందట. ఎవరికీ తెలియదు.

"ఎందుకే ఇలా చేస్తున్నావు? చచ్చిపోతావే!" అని దాని జబ్బ పట్టుకుని ఊపేశాను.

"నాన్న చెయ్యి తగుల్తుందేమో అని సుజ్జీ" అంది. "రోజూ ఒక్క నిమిషం ఆలస్యం అయిపోతంది. ఇంకాస్త లోపలికి వెళ్తే తగుల్తుంది."

ఆ మాట అన్న తీరు నాకు తాడు బిగియడం కన్నా ఎక్కువ భయం పుట్టించింది. దయ్యం సంగతి తర్వాత, ఈ పిల్ల మాకు దక్కదు అనిపించింది.

ఇంటికి తీసుకెళ్లి పొడిబట్టలు కట్టించాం. పిన్ని పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నారు. కూతురు తడిసి ముద్దయి వచ్చినా తల తిప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దావిడ, దుఃఖంలో ఉన్నారు అన్న ఆలోచన కూడా లేకుండా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. అంతా చెప్పేశాను. మెసేజ్‌లు, గుంజ, ఇప్పుడే చూసింది, రత్న నీళ్లలో నిలబడడం, అన్నీ.

"మళ్లీ ఆ పెట్టె కబుర్లేనా" అన్నారు ముందు, ముఖం తిప్పుకుని.

నేను ఫోన్ తీసి మెసేజ్‌లు చూపించాను. వరసగా రోజుకొకటి. ఆవిడ చదవగలరు. పైనుంచి కిందిదాకా వేలితో జరుపుకుంటూ చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అడిగారు.

"వచ్చినట్టే వస్తంది. వెళ్లినట్టు రాదా, సుజాతమ్మా?"

"ఒక్కసారీ రాలేదు పిన్నీ. ఆ రోజు నుంచీ."

ఆ మధ్యాహ్నం పిన్ని గుమ్మంలో కూర్చుని కొత్త సంచి ఒకటి తీసుకుని దానికి చిల్లులు పెట్టడం చూశాను.

మర్నాడు పొద్దున ఆవిడే రత్నని లేపారు. ఇన్నాళ్ల తర్వాత కూతురితో అన్న మొదటి మాట, "దోనె నువ్వు నడుపుతావా?" అని. తవుడూ చెక్కా కలిపిన నిండు సంచి దోనెలో పెట్టుకుని ముందు కూర్చున్నారు. వెనక నిలబడి రత్న గెడ వేసింది. నేనూ శ్రీను గారూ గట్టు మీదే ఉన్నాం. గుంజ గట్టుకి దగ్గర కాబట్టి వాళ్ల మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

పిన్ని ఖాళీ సంచి విప్పి, నిండుది కట్టారు. ముడి వేశాక తాడు మీద చెయ్యి అలాగే ఉంచారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవిడ చెయ్యి కిందకి గుంజుకుపోవడం నేను చూశాను. వదిలింది. మళ్లీ గుంజుకుపోయింది. ఫోన్లు టింగుమన్నాయి, నా చేతిలోదీ, దోనెలో రత్న దగ్గరున్నదీ.

పిన్ని చెయ్యి తీయలేదు. ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే, గొంతు పెంచకుండా అన్నారు.

"ఏవండీ. పిల్లదేం తప్పు లేదండీ. ఆ డబ్బా ఇచ్చిందాన్ని నేనే. కడుపు మండి నోటికొచ్చింది అనేశాను. ఇంకెప్పుడూ అననండీ. దాన్ని చదివించుకుంటాను, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాను. మీరింక తడిలో నిలబడకండి. వెళ్లండి."

నీళ్లు కదల్లేదు. కొంతసేపటికి ఆ నిండు సంచి, ఎవరో అడుగున చెయ్యేసి ఎత్తినట్టు, మెల్లగా పైకి లేచింది. తాడు వదులైంది. సంచి మళ్లీ దిగి కుదురుకుంది.

ఫోన్ చూశాను.

"నాన్న వెళ్లారు."

రత్న కూడా చదివింది. గెడ చేతిలోంచి నీళ్లలోకి జారిపోయింది. దోనెలో కూలబడి పెట్టిన కేక నాకు ఇంకా చెవుల్లో ఉంది. పిన్ని రత్నని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నారు. ఆ రోజు ఊరంతా చూస్తుండగా అనకుండా మిగిల్చిన ఓదార్పు మాటలన్నీ ఇప్పుడు అంటూ, దాని తల నిమురుతూ ఏడ్చారు. నేను గట్టు మీద నిలబడి, పోనీలే, ఇప్పటికి తల్లీ కూతుళ్లు ఒకటయ్యారు అనుకుంటున్నాను. అప్పుడు వినపడింది రత్న అంటున్న మాట.

"ఇంకొక్క రోజు ఉండనివ్వాల్సిందమ్మా. ఒక్క రోజు."

ఆ మర్నాటి నుంచి మెసేజ్ రాలేదు. ఆ గుంజకి శ్రీను గారు మళ్లీ మేత కడుతున్నారు. గ్రాఫు పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది, పొద్దున నిండుగా మొదలై సాయంత్రానికి తగ్గుతుంది. రత్న చదువు పూర్తి చేసింది. వాళ్లమ్మ ఇచ్చిన మాట తప్పలేదు. రిపోర్టులోంచి ఆ రోజుల అంకెలు తీసేసింది కూడా రత్నే. సార్ చూసి "గుడ్, ఇప్పుడు క్లీన్‌గా ఉంది" అన్నారు.

నేను ఈ విషయం మా ఇంట్లో అమ్మకి ఒక్కదానికే చెప్పాను. అమ్మ నమ్మనూ లేదు, కాదననూ లేదు. ఆ రాత్రి ప్రార్థనలో ఏడుకొండలు గారి పేరు తలుచుకుంది.

ఇప్పటికీ నేను లెక్కలు కడుతూనే ఉంటాను. ఆఖరిసారి సంచి పైకి లేవడానికి ఒక కారణం చెప్పగలను. అప్పుడు అందులో మేత ఉంది, పెద్ద కట్ల చేప ఒకటి కింద నుంచి పొడిచి ఉండొచ్చు. సరే, ఒప్పుకుంటాను. మరి ఖాళీ సంచిని రోజూ ఆ టైముకి కిందకి లాగింది ఏమిటి? కొత్త సెన్సారు, కొత్త బోర్డు, గాలి లేని పొద్దు, నా కళ్లెదుట బిగిసిన తాడు. వీడియో కూడా ఉంది. ఇద్దరు స్నేహితులకి చూపిస్తే గాలి అన్నారు. పక్క సంచులు చూడండి అన్నాను. చూశారు, తర్వాత ఇంకేదో మాట్లాడారు. మెషీను ఊరికే ఏదీ చెప్పదని నేర్చుకున్నాను కదా, మరి అది చెప్పిందానికి కారణం నేనింకా పట్టుకోలేదు. పట్టుకుంటానన్న ఆశ కూడా లేదు.

ఆ మెసేజ్ పంపే ప్రోగ్రామ్ ఇంకా అలాగే నడుస్తోంది. తీసేద్దామంటే రత్న ఒప్పుకోలేదు. పొద్దున ఏడు దాటాక ఒక్కోసారి నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్తుంది. ఏమీ ఉండదు. ఉండకపోవడమే మంచిదని నేననుకుంటాను. రత్న మాత్రం అలా అనుకోదు.